పక్కపాత్రలోని మనిషి: పీట్ పోసల్‌త్వెయిట్ నటజీవితం

సినిమా వ్యాపారం నటులను రెండు జాతులుగా విడదీసింది. మొదటి జాతివాళ్ళ పేరుమీద టిక్కెట్లు అమ్ముడుపోతాయి. రెండో జాతివాళ్ళు ఆ మొదటివాళ్ళకు తండ్రులుగా, నౌకర్లుగా, పోలీసులుగా, హంతకులుగా పక్కన నిలబడతారు. ఈ రెండో జాతికి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు 'క్యారెక్టర్ నటుడు'. మనమూ ఆ మాటనే తెచ్చుకుని వాడుకుంటున్నాం. ఆ మాటలో ఒక తమాషా వుంది. క్యారెక్టర్ అంటే పాత్ర. స్వభావమనీ, శీలమనీ కూడా అర్థం. పక్కన నిలబడేవాళ్ళను మాత్రమే క్యారెక్టర్ నటులనటంలో, కథానాయకుడికి క్యారెక్టర్‌తో పనిలేదని సినిమా వ్యాపారం తనకు తెలియకుండానే ఒప్పుకున్నట్టయింది.

ఆ ఒప్పుకోలును నిజం చేసి చూపిన నటులలో పీట్ పోసల్‌త్వెయిట్ ఒకడు. 1946 ఫిబ్రవరి 7న ఉత్తర ఇంగ్లండులోని వారింగ్‌టన్ పట్నంలో పుట్టి, 2011 జనవరి 2న క్యాన్సర్‌తో చనిపోయాడు. ముప్ఫయ్యేళ్ళకు పైబడి నాటకరంగంలో, టెలివిజన్‌లో, సినిమాలో పనిచేశాడు. కథానాయకుడిగా వేసినవి బహు స్వల్పం. అయినా ఆయన నటించిన మంచి చిత్రాలను తలుచుకుంటే మొదట గుర్తుకు వచ్చేది ఆ పక్కపాత్రే. ఎందుకు? ఈ ప్రశ్నకు సరైన జవాబు వెతకటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సరైన జవాబు అని ఎందుకు అంటున్నానంటే, సరికాని జవాబు ఒకటి బాగా చెలామణీలో వుంది. ఆయన గురించి రాసినవాళ్ళలో చాలామంది ఆయన ముఖం గురించి రాశారు. ఎత్తయిన దవడ ఎముకలు, గుంట కళ్ళు, ఉలితో చెక్కినట్టున్న చెంపలు: ఇదే ఆయన ఆస్తి అని తేల్చారు. ఈ వాదన నిలవదు. అదే ముఖంతో ఆయన పెళ్ళాంబిడ్డలను చావబాదే తండ్రిగా కనిపించాడు. కొడుకుకోసం జైలుపాలైన తండ్రిగానూ కనిపించాడు. మొదటిదాన్ని చూసి భయపడ్డాం. రెండోదాన్ని చూసి తలవంచుకున్నాం. ముఖం ఒకటే అయినప్పుడు తేడా ముఖంలో లేదన్నమాట. నటుడి పనితనాన్ని పుట్టుకకు కట్టబెట్టటం, కార్మికుడి నైపుణ్యాన్ని కండబలమని కొట్టిపారెయ్యటం లాంటిదే. రెండింటిలోనూ నేర్చుకున్నదాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాం.

ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో చూద్దాం. తండ్రి పీపాలు తయారుచేసేవాడు. కర్రకోత యంత్రంమీద పనిచేశాడు. ఒక బడికి కాపలాదారుగానూ వున్నాడు. కుటుంబం క్యాథలిక్కులు. కుర్రవాడు ఒక దశలో మతగురువు కావాలని చదువుకున్నాడు. అది వదిలి లండను దగ్గర స్ట్రాబెర్రీ హిల్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీలో ఉపాధ్యాయ శిక్షణ పొందాడు. మాంచెస్టర్‌లోని లొరెటో కాలేజీలో నాటకం పాఠాలు చెప్పాడు. ఆ తరువాతే బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో చేరాడు. అంటే పాఠం చెప్పటం అయ్యాక పాఠం వినటానికి కూర్చున్నాడు. కాలేజీ ఉపన్యాసకుడిగా నాకు ఈ క్రమం మామూలు విషయంగా కనిపించదు. చెప్పటం అలవాటైనవాడికి వినటం కష్టం. ఈయన మటుకు వినటాన్నే తన కళకు మూలం చేసుకున్నాడు.

ఆయనకు అసలు బడి 1970లనాటి లివర్‌పూల్‌లోని ఎవ్రీమన్ థియేటరు. హోప్ స్ట్రీట్‌లో ఒకప్పుడు ప్రార్థనామందిరంగా వున్న భవనంలో 1964లో ఆ నాటకశాల మొదలయింది. అలన్ డాసర్ నాయకత్వంలో అక్కడ వేసిన నాటకాలు లివర్‌పూల్ జనం బతుకుల్లోంచి వచ్చాయి. అలన్ బ్లీస్‌డేల్, విల్లీ రస్సెల్ అక్కడ ఎదిగిన రచయితలు. జూలీ వాల్టర్స్, బిల్ నయీ, జానథన్ ప్రైస్, ఆంటనీ షేర్, పోసల్‌త్వెయిట్ అక్కడ పనిచేసిన నటులు. 'వ్యాన్‌లోడ్' అనే పేరుతో ఒక దళం, పేరుకు తగ్గట్టు సామాను వ్యానులో వేసుకుని, సారాదుకాణాలకూ సమాజ మందిరాలకూ వెళ్ళి నాటకాలు వేసేది. మన ప్రజానాట్యమండలి దళాల చరిత్ర తెలిసిన పాఠకులకు ఆ దృశ్యాన్ని వర్ణించి చెప్పనక్కర్లేదు.

సారాదుకాణంలో నాటకం వెయ్యటం ఎట్లాంటిదో ఆలోచించండి. ప్రేక్షకుడు టిక్కెట్టు కొనుక్కుని చీకట్లో నోరుమూసుకుని కూర్చున్నవాడు కాడు. అతను తాగటానికి వచ్చాడు. నీ మాట బోరు కొడితే వీపు తిప్పుతాడు. అబద్ధమైతే పైకే అంటాడు. అట్లాంటి చోట నటుడు తన పంక్తులు తాను చెప్పుకుని వెళ్ళిపోతే కుదరదు. ఎదుటి నటుణ్ణీ, ఎదుటి బల్లదగ్గర కూర్చున్న మనిషినీ కూడా వినాలి. పోసల్‌త్వెయిట్ నటనలో అన్నింటికన్నా విలువైన గుణం ఇదే. ఆయన మాట్లాడేటప్పుడు గొప్పవాడు కావచ్చు. ఎదుటివాడు మాట్లాడేటప్పుడు అంతకన్నా గొప్పవాడు. ముఖమే ఆస్తి అన్నవాళ్ళు పొరపాటు పడింది ఇక్కడే. వాళ్ళు చూసింది ముఖాన్ని కాదు, వింటున్న ముఖాన్ని.

ఆ రోజుల్లోనే ఆయన పేరు మార్చుకోమని సలహాలు వచ్చాయి. అంత పొడుగు పేరును నాటకశాల బయట దీపాలతో రాయాలంటే కరెంటు ఖర్చు ఎవరూ భరించలేరని హాస్యమాడారు. ఆయన మార్చుకోలేదు. ఇది చిన్న విషయమే. కాని వర్గసమాజంలో పేరూ యాసా చిన్న విషయాలు కావు. శ్రామికుల పిల్లలు రంగస్థలంమీదికి రావాలంటే యజమానుల యాస నేర్చుకోవాలనే నియమం ఇంగ్లీషు నాటకరంగంలో తరాలతరబడి చెల్లింది. ఎవ్రీమన్ తరం ఆ నియమాన్ని బద్దలుకొట్టింది.

1980లలో ఆయన రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో పనిచేశాడు. 1982లో ఏడ్రియన్ నోబుల్ దర్శకత్వం చేసిన 'కింగ్ లియర్'లో మైకేల్ గాంబన్ లియర్; పోసల్‌త్వెయిట్ కార్న్‌వాల్. ముసలి గ్లాస్టర్ కళ్ళు పెరికించే క్రూరుడు కార్న్‌వాల్. ఆ దృశ్యంలో షేక్స్‌పియర్ ఒక గొప్ప పని చేశాడు. రాజులూ ప్రభువులూ నోరెత్తని చోట, పేరుకూడా లేని ఒక నౌకరు కత్తి దూసి ఆ క్రూరుణ్ణి అడ్డుకుంటాడు. తాను చస్తూ అతనికి చావుదెబ్బ కొడతాడు. నాలుగు మాటల పాత్ర అది. కాని నాటకంలోని న్యాయబుద్ధి అంతా ఆ క్షణాన ఆ నాలుగు మాటలమీద నిలబడివుంటుంది. పక్కపాత్ర విలువ తెలియాలంటే ఆ దృశ్యం ఒక్కటి చాలు. పేరులేని నౌకరు కత్తికి బలయ్యే ప్రభువు పాత్రను రాత్రి తరువాత రాత్రి వేసిన నటుడు, తన తరువాతి జీవితమంతా ఆ నౌకరు వైపు మనుషుల పాత్రలు వేస్తూ గడపటం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా చెప్పుకోదగిన యాదృచ్ఛికం.

సినిమాలో ఆయన స్థాయి తెలిసింది 1988లో, టెరెన్స్ డేవిస్ తీసిన 'డిస్టంట్ వాయిసెస్, స్టిల్ లైవ్స్'తో. 1940లు, 50లలో లివర్‌పూల్‌లోని ఒక కార్మిక కుటుంబం కథ అది. డేవిస్ సొంత కుటుంబం కథే. మొదటి భాగమంతా తండ్రి నీడ పరుచుకుని వుంటుంది. ఆ తండ్రి పోసల్‌త్వెయిట్. క్రిస్మస్ ముందురోజు రాత్రి నిద్రపోతున్న పిల్లల పక్కన మేజోళ్ళు తగిలించి, ప్రేమగా చూస్తాడు. మరో దృశ్యంలో పండగ భోజనం పెట్టిన బల్లమీది గుడ్డను ఒక్క లాగు లాగి అన్నీ నేలపాలు చేస్తాడు. బాంబుల భయంతో జనం దాక్కున్న చోటికి పిల్లలు ఆలస్యంగా చేరితే, కూతురి చెంప పగలగొట్టి, ఆ వెంటనే పాట పాడమంటాడు. ఆ పిల్ల పాడుతుంది.

ఈ పాత్రను మామూలు నటుడు రెండు విధాలుగా చెడగొట్టేవాడు. ఒకటి, రాక్షసుణ్ణి చెయ్యటం. రెండు, పేదరికంవల్ల ఇట్లా అయ్యాడు పాపం అని జాలిపుట్టించటం. రెండోది అభ్యుదయ రచయితలమనుకునే మనలో చాలామందికి వున్న జబ్బు. శ్రామికుడి ఇంట్లోని క్రౌర్యాన్ని చూపించవలసి వచ్చేసరికి మన చెయ్యి వణుకుతుంది. నేరమంతా వ్యవస్థమీదికి నెట్టి తండ్రిని విడిచిపెడతాం. పోసల్‌త్వెయిట్ తన పాత్రకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. గుర్రాన్ని మాలిష్ చేస్తూ తనలో తాను పాడుకుంటున్న ఆ తండ్రిని పిల్లలు పైనుంచి చాటుగా చూస్తారు. ఆ ఒక్క క్షణం అతను సుఖంగా వున్నాడు. ఎవరూ తనను చూడటం లేదనుకున్నాడు కాబట్టే సుఖంగా వున్నాడు. తన మెత్తదనాన్ని మనుషులముందు పెట్టటం చేతకానివాడు కాబట్టే చెయ్యి ఎత్తుతాడు. నటుడు దీన్ని ఒక్క మాటలోనూ చెప్పడు, మనకు అర్థమవుతుంది. అర్థమయినంతమాత్రాన క్షమించబుద్ధి కాదు. వాస్తవికత అనే మాటకు అర్థం ఇదే.

అయిదేళ్ళ తరువాత, 1993లో, జిమ్ షెరిడన్ తీసిన 'ఇన్ ది నేమ్ ఆఫ్ ది ఫాదర్' వచ్చింది. ఇది నిజంగా జరిగిన అన్యాయం మీద తీసిన చిత్రం. 1974లో గిల్డ్‌ఫర్డ్ సారాదుకాణాలలో బాంబులు పేలాయి. పోలీసులు బెల్‌ఫాస్ట్ యువకుడు జెరీ కాన్లన్‌నూ మరి ముగ్గురినీ పట్టుకుని నేరం ఒప్పించారు. కొడుక్కి సహాయం చేద్దామని ఇంగ్లండు వచ్చిన తండ్రి జుసెపే కాన్లన్‌నూ అరెస్టు చేశారు. ఊపిరితిత్తుల జబ్బు మనిషి. 1976లో పన్నెండేళ్ళ శిక్ష పడింది. 1980 జనవరిలో ఖైదీగానే చనిపోయాడు. కొడుకు 1989లో విడుదలయ్యాడు. తండ్రిమీది శిక్షను కోర్టు 1991లో కొట్టేసింది. చనిపోయిన పదకొండేళ్ళకు ఆయన నిర్దోషి అయ్యాడు. బ్రిటిషు ప్రధానమంత్రి క్షమాపణ చెప్పింది 2005లో.

చిత్రం చరిత్రను కొన్నిచోట్ల మార్చింది. తండ్రీకొడుకులు ఏళ్ళతరబడి ఒకే కొట్లో వున్నట్టు చూపించింది. అది నిజం కాదు. న్యాయవాది గారెత్ పియర్స్ కోర్టులో వాదించినట్టు చూపించింది. ఆమె చేసిన పని అది కాదు. అన్యాయాన్ని బయటపెట్టే కళాకారుడు వాస్తవాల విషయంలో అందరికన్నా జాగ్రత్తగా వుండాలి. లేకపోతే శత్రువు చేతికి తానే ఆయుధం అందించినవాడవుతాడు. షెరిడన్ చిత్రానికి ఆ దెబ్బ తగిలింది. దాన్ని దాచటం వల్ల లాభం లేదు.

అయితే ఆ కల్పిత జైలుకొట్లో పోసల్‌త్వెయిట్ చేసిన పని మాత్రం కల్పితం కాదు. కొడుకుగా వేసిన డేనియల్ డే లూయిస్ అరుస్తాడు, ఏడుస్తాడు, చిన్నప్పటి ఫుట్‌బాల్ పతకం దగ్గరనుంచి తండ్రిమీద వున్న కోపాలన్నీ తవ్విపోస్తాడు. తండ్రి వింటాడు. అంతే. కాని ఆ వినటంలో ఎంత వుంది! మాటకు మాట చెప్పలేని మనిషి; జీవితమంతా తల వంచుకుని పనికి వెళ్ళి వచ్చిన మనిషి; లోకం దృష్టిలో ఒట్టి పిరికివాడు. కొడుకు దృష్టిలోనూ అంతే. హింసే ధైర్యమనుకునే తోటి ఖైదీ స్నేహానికి చెయ్యి చాచినప్పుడు ఆ పిరికివాడే కాదంటాడు. కొడుకుతోపాటు మన అంచనా కూడా మెల్లిగా మారుతుంది. ఎక్కడ మారిందో వేలుపెట్టి చూపలేం. చిత్రంలో జుసెపే చనిపోయిన రాత్రి ఖైదీలు మండుతున్న కాగితాలను కిటికీల్లోంచి కిందికి వదులుతారు. ఆ దృశ్యానికి బలం ఇచ్చింది కెమెరా కాదు. అంతకుముందు గంటసేపు గొంతు పెంచకుండా నటించిన మనిషి. ఈ పాత్రకు ఆయన పేరు ఉత్తమ సహాయనటుడి ఆస్కారుకు ప్రతిపాదనలో నిలిచింది, బహుమతి రాలేదు.

ఇక 1996. మార్క్ హర్మన్ తీసిన 'బ్రాస్డ్ ఆఫ్'. ఈ చిత్రం దగ్గర కొంచెం నిలబడాలి. ఎందుకంటే పోసల్‌త్వెయిట్ జీవితంలోని అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

1984-85లో బ్రిటిషు బొగ్గుగని కార్మికులు ఏడాదిపాటు సమ్మెచేసి ఓడిపోయారు. 1992 అక్టోబరులో ప్రభుత్వం మిగిలిన 50 గనులలో 31 మూసేస్తామనీ, సుమారు 30 వేలమందికి పని పోతుందనీ ప్రకటించింది. యార్క్‌షైర్‌లోని గ్రైమ్‌థార్ప్ గని 1993లో మూతపడింది. ఆ ఊరి గని కార్మికుల ఊదువాద్యాల బ్యాండు మాత్రం, మూసివేత ప్రకటన వెలువడిన నెలలోనే, లండన్ ఆల్బర్ట్ హాలులో జాతీయ పోటీ గెలిచింది. చిత్రానికి ఆధారం ఇదే. ఊరిపేరు గ్రిమ్‌లీ అని మార్చారు. వినిపించే వాద్యం అసలు గ్రైమ్‌థార్ప్ బ్యాండుదే.

పోసల్‌త్వెయిట్ వేసింది బ్యాండు మేష్టారు డానీ పాత్ర. గొప్ప విశేషమేమిటంటే, చిత్రంలో చాలాదూరం డానీది తప్పు. గని మూతపడబోతున్నది, కార్మికుల ఇళ్ళల్లో అప్పులవాళ్ళు సామాను ఎత్తుకుపోతున్నారు, కన్నకొడుకు దివాలా తీసి విదూషకుడి వేషం వేసుకుని పిల్లల పార్టీలలో తిరుగుతున్నాడు. డానీకి ఇవేవీ పట్టవు. సంగీతం ముఖ్యం అంటాడు. సాధన ఎగ్గొట్టినవాణ్ణి కసురుతాడు. కళ కళకోసమే అనేవాడు పట్నంలోని పట్టు చొక్కాల కవి మాత్రమే కానక్కర్లేదు. బొగ్గుధూళితో ఊపిరితిత్తులు నిండిన గని కార్మికుడూ కావచ్చునని ఈ పాత్ర చెబుతుంది. పోటీలో గెలిచి ఊళ్ళోకి వచ్చిన రాత్రే మూసివేతకు అనుకూలంగా వోట్లు పడ్డాయని తెలుస్తుంది. డానీ వీధిలో కూలిపోతాడు. ఆస్పత్రిలో పడుకున్న మేష్టారికోసం బ్యాండువాళ్ళు గని టోపీల దీపాలు వెలిగించుకుని రాత్రివేళ బయట నిలబడి వాయిస్తారు. వాయించేది విడిపోయే ముందు ఆఖరిసారి అని ఆయనకు తెలియదు, మనకు తెలుసు.

చివర ఆల్బర్ట్ హాలులో గెలిచిన తరువాత డానీ బహుమతి తీసుకోనంటాడు. సంగీతమే ముఖ్యమని తాను ఇన్నాళ్ళూ అనుకున్నాననీ, మనుషులకన్నా అది ముఖ్యం కాదనీ అంటాడు. ఈ జనం సముద్రపు జంతువులై వుంటే, సీలులో తిమింగలాలో అయివుంటే, మీరంతా ఆగ్రహించి లేచేవాళ్ళు. మామూలు మనుషులు కాబట్టి ఊరుకున్నారు అన్న ధోరణిలో సభను నిలదీస్తాడు. ఉపన్యాసాలతో ముగిసే కళాఖండాలమీద నాకు పెద్ద గురి లేదు. పాత్ర నోట రచయిత మాట్లాడితే అది కరపత్రం అవుతుంది. ఇక్కడ అట్లా కాలేదు. కారణం రచనలో కొంతే వుంది, నటనలో ఎక్కువ వుంది. ఈ మాటలు డానీకి అలవాటు లేవు. గొంతు ఎక్కడ ఎత్తాలో తెలియక తడబడతాడు; ఊపిరి అందదు. ఇతరులకు బోధిస్తున్నట్టు కాక, తన తప్పు తానే ఒప్పుకుంటున్నట్టు చెబుతాడు. అందుకే అది నాటకం. ఆయన వద్దన్న బహుమతిని ఒక వాద్యకారుడు మొరటుగా లాక్కుని చంకనపెట్టుకుంటాడు. ప్రేక్షకుడు నవ్వుతాడు, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటాడు.

ఆ తరువాత హాలీవుడ్ ఆయన్ను బాగా వాడుకుంది. వాడుకుంది అనే మాటనే కావాలని వాడుతున్నాను. స్పీల్‌బర్గ్ ఆయన్ను ప్రపంచంలోకెల్లా గొప్ప నటుడన్నాడనే మాట పత్రికలకెక్కింది. తనను తాను గొప్ప నటుడనుకుంటాడని అనివుంటాడులే అని పోసల్‌త్వెయిట్ నవ్వేశాడు. ఆ స్పీల్‌బర్గే 1997లో ఆయనకు ఇచ్చినవి, 'ది లాస్ట్ వరల్డ్'లో రాక్షసబల్లుల వేటగాడి పాత్రా, 'అమిస్టాడ్'లో ఆఫ్రికన్ బందీలకు వ్యతిరేకంగా వాదించే ప్రభుత్వ న్యాయవాది పాత్రా. 1995లో వచ్చిన 'ది యూజువల్ సస్పెక్ట్స్' ఆయన్ను అమెరికాలో ఇంటింటికీ తెలియజేసింది. అందులో ఆయన పేరు కొబయాషీ. పేరు జపానుది, యాస మన ఉపఖండానిది, ముఖానికి పూసిన రంగు ఎక్కడిదో తెలియదు. కథలో ఆ గందరగోళానికి ఒక కారణం చెబుతారు. అయినా మనవంటి ప్రేక్షకుడికి అది మింగుడుపడదు. తన యాసను దిద్దుకోనన్న నటుడు మరొకరి యాసను మర్మానికీ మోసానికీ గుర్తుగా పెట్టుకోవటం పొరపాటే. నటనలో నైపుణ్యం వుందని దాన్ని మాఫీ చెయ్యలేం.

2004లో ఆయన ఆర్డర్ ఆఫ్ ది బ్రిటిష్ ఎంపైర్ బిరుదు పుచ్చుకున్నాడు. సామ్రాజ్యం పేరుమీద ఇచ్చే బిరుదులను వద్దన్న కళాకారులు ఆ దేశంలోనే వున్నారు. జుసెపే కాన్లన్‌గా వేసినవాడు ఆ వరుసలో వుంటే మనకు సంతోషంగా వుండేది.

అయితే ఆ బిరుదుకు ఆయన చివరికి ఒక పని పెట్టాడు. 2009లో ఫ్రానీ ఆర్మ్‌స్ట్రాంగ్ తీసిన 'ది ఏజ్ ఆఫ్ స్టుపిడ్'లో ఆయన నటించాడు. 2055లో, వాతావరణం చెడి లోకం నాశనమయ్యాక, మిగిలిన గ్రంథాలయాన్ని కాపలా కాస్తున్న ఒంటరి మనిషి పాత అసలు దృశ్యాలను చూస్తూ, తెలిసి తెలిసి మనం ఎందుకు ఆగలేదు అని అడుగుతాడు. ఆ దృశ్యాలలో నైజీరియా యువతి వుంది. ముంబయిలో చవక విమానాల కంపెనీ పెట్టిన వ్యాపారీ వున్నాడు. చిత్రం తొలి ప్రదర్శన రోజున పోసల్‌త్వెయిట్, కెంట్‌లోని కింగ్స్‌నార్త్ దగ్గర కొత్త బొగ్గు విద్యుత్కేంద్రానికి అనుమతి ఇస్తే తన బిరుదు వాపసు ఇస్తానని మంత్రి ఎడ్ మిలిబాండ్ ఎదటనే అన్నాడు. ఆ కేంద్రం చివరకు కట్టలేదు.

ఇక చిక్కు స్పష్టమే. పదమూడేళ్ళ క్రితం బొగ్గుగనులు మూసేసినందుకు లోకాన్ని నిలదీసిన ముఖం, ఇప్పుడు బొగ్గు వద్దంటున్నది. తిమింగలాలమీద వున్న జాలి మామీద లేదేమన్న డానీ, ఇప్పుడు తిమింగలాల పక్షాన చేరిపోయాడా? సింగరేణి ప్రాంతపు పాఠకులకు ఇది దూరదేశపు ప్రశ్నగా కనపడదు.

పాత్ర వేరు, నటుడు వేరు అని తప్పించుకోవచ్చు. అది సగం జవాబు. మిగతా సగం చరిత్రలో వుంది. 1992లో గనులు మూసింది గాలి శుభ్రం చెయ్యటానికి కాదు. మూసినవాళ్ళు విదేశీ బొగ్గు కొన్నారు, గ్యాసుమీదికి మళ్ళారు, యూనియన్ నడుము విరిచారు. బొగ్గు మండటం మానలేదు, గని కార్మికుడి పొయ్యి మాత్రం ఆరింది. బ్రిటన్‌లో ఆఖరి లోతుగని 2015 డిసెంబరులో మూతపడింది. ఆఖరి బొగ్గు విద్యుత్కేంద్రం 2024 సెప్టెంబరులో ఆగింది. బొగ్గు పోవలసిందే అనేవాడూ, పోయిన తీరు అన్యాయం అనేవాడూ ఒకే మనిషి కావచ్చు, కావాలి కూడా. మార్పు అవసరమా అన్నది ఒక ప్రశ్న. దాని ఖరీదు ఎవరు చెల్లిస్తారన్నది రెండో ప్రశ్న. రెండోదాన్ని మింగేసి మొదటిదాన్ని మాత్రమే అడిగేవాడు ఎంత మంచివాడైనా డానీకి జవాబు చెప్పలేడు.

'ఏజ్ ఆఫ్ స్టుపిడ్' లోపం ఇదే. అది 'మనం' అంటుంది. మనం ఎందుకు ఆగలేదు, మనం ఎందుకు తెలివితక్కువవాళ్ళం అయ్యాం? ఏ మనం? విమానాల కంపెనీ యజమానీ, చమురు బావుల పక్కన తాగే నీరు లేని నైజీరియా ఆడపిల్లా ఒకే 'మనం' కాదు. చిత్రం చూపిన దృశ్యాలే ఆ తేడాను బయటపెడుతున్నాయి. చిత్రం పేరు దాన్ని చెరిపేస్తున్నది. నటనలోనూ ఇదే లోపం ప్రతిఫలించింది. పోసల్‌త్వెయిట్ అందులో శ్రద్ధగా నటించాడు. ఆ కళ్ళల్లో దుఃఖం నిజమైనదే. కాని ఆయన ఎదట మనిషి లేడు, తెర వుంది. వినటమే కళగా బతికిన నటుడికి వినటానికి ఎవరూ లేకుండా చేశారు. ఉద్దేశం ఎంత ఉన్నతమైనదైనా, మనిషికి ఎదురుగా మనిషి లేనిచోట నాటకం చిక్కిపోతుంది.

ఆ చిత్రానికి ముందే, 2008లో, తన అరవై రెండో ఏట ఆయన ఎవ్రీమన్‌కు తిరిగివచ్చి 'కింగ్ లియర్' వేశాడు. దర్శకుడు రూపర్ట్ గూల్డ్. లివర్‌పూల్ ఆ సంవత్సరం యూరోపియన్ సాంస్కృతిక రాజధాని. లండన్‌లో ఏ పెద్ద నాటకశాల అయినా తలుపు తీసేది. ఆయన మాత్రం తాను పని నేర్చుకున్న పాత ప్రార్థనామందిరమే కావాలనుకున్నాడు. ప్రదర్శనమీద విమర్శకులకు ఏకాభిప్రాయం కుదరలేదు. కాని ఆ ఎన్నికలో అర్థం వుంది. లియర్ అధికారం పోయి తుఫానులో తడిసినప్పుడుగాని, తలదాచుకోను చోటులేని నిరుపేదలను తలుచుకోడు. వాళ్ళను ఇన్నాళ్ళూ పట్టించుకోలేదని ఒప్పుకుంటాడు. అది రాజుగారి డానీ క్షణం. మనుషులు ముఖ్యమని ఆలస్యంగా తెలుసుకున్న ముసలివాళ్ళను వెయ్యటంలో ఈ నటుడికి సాటివచ్చేవాళ్ళు తక్కువ.

ఆయన పోయిన సంవత్సరమే ఆ పాత భవనం మూసేశారు. అదే చోట కట్టిన కొత్త నాటకశాల 2014లో తెరుచుకుంది, దాని శిల్పానికి బ్రిటన్‌లో పేరుమోసిన స్టర్లింగ్ బహుమతి వచ్చింది. భవనం బాగుంది. కాని అందులో నిలబడటానికి పీపాల పనివాడి కొడుకు వస్తాడా? పోసల్‌త్వెయిట్ తరం చదువుకున్న కాలంలో విశ్వవిద్యాలయ చదువుకు ఫీజు లేదు. ఇంటి ఆదాయాన్నిబట్టి ప్రభుత్వం భృతి ఇచ్చేది. నాటక పాఠశాలలో చేరినవాళ్ళకు స్థానిక సంస్థలు సాయం చేసేవి. ఊరూరా నాటకశాలలను ప్రజాధనం నిలబెట్టేది. 1998లో ఫీజులు వచ్చాయి, భృతి పోయింది. తనవంటి కుటుంబాలనుంచి ఇప్పుడు నటులు రావటం కష్టమని జూలీ వాల్టర్స్ బాహాటంగానే చెప్పింది. అంటే కార్మికుడి పాత్ర వెయ్యటానికి కూడా కలవాళ్ళ పిల్లలే రావలసిన రోజు వచ్చిందన్నమాట. వాళ్ళు బాగా వెయ్యరని కాదు. కాని బ్యాండు మేష్టారు డానీ తడబాటును చూసి నేర్చుకోవలసినవాడికీ, ఇంట్లో విని పెరిగినవాడికీ తేడా వుంటుంది.

మహానటుడు ఆకాశంనుంచి పడడు. పోసల్‌త్వెయిట్‌ను చేసింది ఒక తండ్రి రెక్కల కష్టం, ఒక ఉపాధ్యాయ శిక్షణ, ఒక పాత ప్రార్థనామందిరం, ఒక వ్యాను, సారాదుకాణాలలో వీపు తిప్పని జనం. వాళ్ళనుంచి తీసుకున్నదాన్ని ఆయన చాలావరకు వాళ్ళకే తిరిగి ఇచ్చాడు. పొరపాట్లు చేశాడు, కొన్నిచోట్ల తన ముఖాన్ని అరువిచ్చాడు. అయినా లోకం పక్కకు నెట్టిన మనిషిని తెరమీద పక్కకు నెట్టనివ్వలేదు. కథానాయకుడు మాట్లాడుతుంటే మన చూపు అతణ్ణి దాటి, వెనక నిలబడి వింటున్న మనిషిమీదికి పోతుంది. చూపును అట్లా మళ్ళించటం కళలో చిన్న పని కాదు. రాజకీయాల్లోనూ చిన్న పని కాదు.